ఎండకు నిలిచే పూత

గృహప్రవేశం నాటి మెరుపు రెండు వేసవులు ఎందుకు దాటదు? సింహద్వారానికీ, గేటుకీ, డాబా మీది ఉయ్యాలకీ ఏది వేస్తే నాలుగు కాలాలు ఉంటుంది?

గృహప్రవేశం నాడు అందరి కళ్లూ సింహద్వారం మీదే ఉంటాయి. బల్లార్షా టేకు, పైన గజలక్ష్మి, పక్కన నెమళ్లు, నిగనిగలాడే పాలిష్. వచ్చినవాళ్లు వేలితో ఒకసారి తడిమి, ‘తలుపుకి ఎంతయిందేంటి?’ అని అడక్కుండా లోపలికి వెళ్లరు. రెండు వేసవులు గడవనివ్వండి. సజ్జ నీడలో ఉన్న పై సగం అలాగే మెరుస్తుంటుంది. కింది సగం పాలిపోతుంది. అడుగున ఉన్న అడ్డపట్టీ దగ్గర పాలిష్ తెల్లగా పొంగి, గోటితో గీరితే పెచ్చులు పెచ్చులుగా లేచొస్తుంది.

ఇంటాయన మేస్త్రీని తిడతాడు. మేస్త్రీ కర్రను తిడతాడు. కర్ర అమ్మిన డిపోవాడు ఎండను తిడతాడు. ముగ్గురిలో డిపోవాడి మాటే నిజానికి దగ్గర.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్కలోకి లోతుగా వెళ్లవు. మిల్లీమీటరులో పదో వంతు దాటడమే కష్టం. కానీ ఆ కాస్త లోతులోనే పని కానిచ్చేస్తాయి. చెక్క అంటే ప్రధానంగా సెల్యులోజు నారలు, వాటిని పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం. ఇటుకల మధ్య సిమెంటు ఎలాగో నారల మధ్య లిగ్నిన్ అలాగ. చెక్క బరువులో సుమారు నాలుగో వంతు ఉండే ఈ లిగ్నిన్‌కి ఎండంటే పడదు. ఆ కిరణాలను పీల్చుకుని ముక్కలైపోతుంది. వాన పడగానే ఆ ముక్కలు కొట్టుకుపోతాయి. మిగిలిన నారలు వదులై బూడిదరంగుకి తిరుగుతాయి. పశువుల పాక పక్కన ఏళ్ల తరబడి పడి ఉన్న ఎద్దుబండి నొగలకు కనిపించే బూడిద నలుపు ఇలా వచ్చిందే.

ఆ చెక్క మీద రంగులేని పాలిష్ ఉందనుకోండి. ఎండ అందులోంచి దూరి నేరుగా చెక్కను తాకుతుంది. పైన పూత గట్టిగానే ఉంటుంది, దాని కింద చెక్క పైపొర పొడిపొడి అవుతుంది. ఇక పూతకు పట్టు దొరకదు. ఊడిన పెచ్చు ఒకటి తీసి వెనక్కి తిప్పి వెలుతురులో చూడండి. సన్నటి నారలు అంటుకుని ఉంటాయి. పాలిష్ ఒక్కటే ఊడలేదు, తనతో పాటు చెక్క పొరను కూడా పట్టుకొచ్చింది.

అందుకే బయట ఉండే చెక్కకు పూత ఎంచుకునేటప్పుడు అది మొదటిరోజు ఎంత మెరుస్తుందని అడిగి లాభం లేదు. పాడయ్యేటప్పుడు ఎలా పాడవుతుందని అడగాలి. కొన్ని పూతలు పెచ్చులూడి పాడవుతాయి, కొన్ని అరిగి వెలిసి పాడవుతాయి. పెచ్చులూడేదాన్ని మళ్లీ వెయ్యాలంటే మొత్తం గీకి చెక్క దాకా రావాలి. వెలిసేదాని మీద కడిగి ఇంకో కోటు వేసుకోవచ్చు. పదేళ్ల ఖర్చు లెక్క వేస్తే తేడా అంతా ఇక్కడే.

గదిలో పాలిష్ గుమ్మానికి పనికిరాదు

మన దగ్గర ఇల్లు కట్టేటప్పుడు చెక్కపని పాలిష్ అంతా ఒకే మేస్త్రీకి గుత్తకి ఇచ్చేస్తారు. టీవీ యూనిట్, బీరువాలు, పూజగది తలుపులు, వాటితో పాటు సింహద్వారం. ఆయన దగ్గర ఒకటే డబ్బా, ఒకటే స్ప్రే గన్. గదిలో బంగారంలా ఉన్న పాలిష్ గుమ్మం దగ్గరకొచ్చేసరికి తేలిపోతుంది.

లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో రుద్దే పాత పాలిష్‌కి ఉన్న అందం మరి దేనికీ లేదు. కానీ తడి గ్లాసు పెడితేనే తెల్లటి వలయం పడుతుంది. వానకి దాన్ని అప్పజెప్పడం దండగ. ఎన్‌సీ, అంటే నైట్రోసెల్యులోజ్ లాకర్ కూడా గదులకే. మెలమైన్ గట్టిది, మెరుపు ఎక్కువ, అయితే పెళుసు. చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. పొడవులో దాదాపు మార్పు ఉండదు గానీ అడ్డంగా పలక కదులుతూనే ఉంటుంది. దానితో పాటు సాగలేని పూత చీలుతుంది. ఆ చీలికలోంచి నీళ్లు లోపలికి వెళ్తాయి, బయటికి రావడానికి దారి ఉండదు.

ఇక పీయూ, అంటే పాలీయూరిథేన్. అందరి నోటా ఇప్పుడు అదే మాట. ‘పీయూ కొట్టించెయ్యండి సార్, పదేళ్లు తిరిగి చూడక్కర్లేదు’ అంటాడు మేస్త్రీ. ఏ పీయూ అని అడిగితే, ‘పీయూ అంటే పీయూనే కదండీ’ అంటాడు. కాదు. గదుల కోసం చేసే రకాల్లో చాలా వాటిలో ఉండే ఆరోమాటిక్ రసాయనం ఎండలో పసుపుపచ్చగా మారి పెళుసెక్కుతుంది. బయటకు పనికొచ్చేది అలిఫాటిక్ రకం. దుకాణంలో రెండు డబ్బాలూ దాదాపు ఒకేలా ఉంటాయి, ధరలో తేడా ఉంటుంది. డబ్బా మీద ‘ఎక్స్‌టీరియర్’ అన్న ముక్క ఉందో లేదో మీరే చదవండి. పూత గట్టిపడటానికి కలిపే హార్డ్‌నర్ కూడా దానికి జత అయినదే ఉండాలి. ఇంట్లో మిగిలిందేదో కలిపేస్తే ఖరీదైన డబ్బా కొన్న ఫలితం పోతుంది.

అసలైన బయటి పీయూలో అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే రసాయనాలు కలుపుతారు. అవి కాలక్రమంలో ఖర్చయిపోయేవే. ఎండను ఆపుతూనే రంగు చూపించని పూత కోసం పరిశోధనలు జరుగుతున్నాయి. బెంగళూరులోని వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ సంస్థలో జింక్ ఆక్సైడ్ వంటి నానో కణాలను పూతల్లో కలిపి పరీక్షించారు. అలాంటివి మన వీధి దుకాణానికి వచ్చేవరకూ, పడమటి ఎండ నేరుగా తగిలే తలుపుకి రంగులేని పూత ఏదీ పదేళ్లు నిలవదనే నేనంటాను, అమ్మేవాళ్లు ఏమన్నా సరే.

మెరైన్ వార్నిష్ సంగతీ ఇంతే. ఓడల తెరచాపల కొయ్యల కోసం పుట్టిన పూత అది. నూనె పాలు ఎక్కువ కాబట్టి కొయ్యతో పాటు వంగుతుంది, సాగుతుంది. ఇది మంచి పూతే. కానీ పడవలున్నవాళ్లు దాన్ని ఆరేడు కోట్లు వేసి, ఏటా పైపైన రుద్ది కొత్త కోటు వేస్తూ ఉంటారు. ఒకసారి వేసి మర్చిపోయే రకం కాదు.

రంగు ఎందుకు నిలుస్తుంది

పాత ఊళ్లలో ఆకుపచ్చ కిటికీ రెక్కలు, నీలం గేట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటి మీద ఉన్నది మామూలు ఎనామిల్ పెయింటు. రంగు వెలిసి ఉండొచ్చు, కింద కర్ర మాత్రం బావుంటుంది. కారణం తేలికే. పెయింటులోని రంగు పొడి ఎండను చెక్కదాకా రానివ్వదు. ఎంత రంగు ఉంటే అంత రక్ష. పూర్తిగా కప్పేసే పెయింటు అన్నిటికన్నా ఎక్కువ కాలం ఉంటుంది, చెక్క గీతలు లీలగా కనిపించేంత రంగున్న స్టెయిన్ దాని తర్వాత, రంగులేని పాలిష్ చిట్టచివర.

పారదర్శకంగా ఉంటూ ఎండను బాగా ఆపగల రంగుల్లో ముఖ్యమైనది ఐరన్ ఆక్సైడ్. పల్లెల్లో అరుగులకు అలికే ఎర్రమన్నులో రంగు కూడా ఆ ఐరన్ ఆక్సైడ్‌దే. టేకు, వాల్‌నట్, మహాగనీ అని డబ్బాల మీద రాసి అమ్మే స్టెయిన్లలో ఎరుపు, గోధుమ ఛాయలు ఎక్కువగా దీనివల్లనే వస్తాయి. కాబట్టి ‘నేచురల్’ రంగు అడిగేవాళ్లు ఒక అడుగు ముదురు ఛాయకి వస్తే తలుపు ఆయుష్షు పెరుగుతుంది. మరీ నలుపు వద్దు, ఎండకి కాలిపోతుంది, పలకలు బీటలిస్తాయి.

‘లక్షలు పోసి టేకు కొని పెయింటు వేస్తామా?’ అంటారు. న్యాయమైన ప్రశ్నే. పెయింటు వేసే చోట టేకు పెట్టడమే దండగ అని నా సమాధానం. ప్రహరీ గేటుకి, పెరటి తలుపుకి, మొక్కల పందిరికి చేవ దేరిన వేపో మద్దో పెట్టి, ప్రైమర్ మీద రెండు కోట్లు మంచి ఎక్స్‌టీరియర్ పెయింటు వేయిస్తే చాలు. గీతలు చూసుకోవాలన్న ముచ్చట సింహద్వారానికి దాచుకోండి. అక్కడ రంగు కలిపిన ఎక్స్‌టీరియర్ పీయూ, దానికి పైన మూడడుగులకు తగ్గని సజ్జ. మండువా లోగిళ్లలో స్తంభాలు, దూలాలు అన్నేళ్లు నిలిచాయంటే అందులో నూనె పూతల గొప్పతనం కొంతే. దిగువకు వాలిన చూరు, చుట్టూ వసారా వాటిని ఎండావానలకు దొరక్కుండా దాచాయి. ఇప్పటి ఇళ్లలో ఎలివేషన్ పేరుతో సజ్జ తీసేసి, ఆ భారం డబ్బాలోని పాలిష్ మీద పెడుతున్నాం.

నూనెల సంగతి

చెక్క మీద పొరగా నిలవకుండా లోపలికి ఇంకిపోయేవి నూనెలు. పెచ్చులూడే ప్రసక్తే లేదు. వెలిసినప్పుడు సబ్బునీళ్లతో కడిగి, ఆరనిచ్చి, గుడ్డతో మళ్లీ రుద్దుకోవడమే. డాబా మీది ఉయ్యాల బల్లకి, తోటలో కుర్చీలకి, బాల్కనీ నేల చెక్కలకి ఇదే సరైన దారి. జనం కూర్చునే, నడిచే చోట పొర కట్టే పూత ఏదైనా త్వరగా అరిగి మచ్చలు పడుతుంది. పైగా బల్లపరుపుగా ఉన్న చెక్క మీద నీళ్లు నిలుస్తాయి, నిటారుగా ఉన్న తలుపు కన్నా ఎండ ఎక్కువ తింటుంది.

అయితే ఏ నూనె? అవిసె నూనె వడ్రంగులకు తరతరాలుగా తెలిసిందే. పచ్చి నూనె ఆరడానికి రోజులు పడుతుంది, ‘బాయిల్డ్’ అని అమ్మేది లోహ లవణాల పుణ్యాన ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది. గదిలో చక్కగా ఉంటుంది. కోస్తా వానల్లో మాత్రం ఒట్టి అవిసె నూనె బూజుకి విందుభోజనం, ఒక్క వానాకాలానికే నల్లటి చుక్కలు పడతాయి. ‘టేక్ ఆయిల్’ అని రాసిన సీసా చూసి అది టేకు నుంచి తీసిందనుకునేవాళ్లున్నారు. అందులో సాధారణంగా ఉండేది అవిసె నూనో టంగ్ నూనో, కొంచెం వార్నిషు, పల్చబరచడానికి థిన్నరు. కొనేటప్పుడు రంగు, బూజునిరోధకం రెండూ ఉన్న డెక్ ఆయిల్ లేదా ఎక్స్‌టీరియర్ వుడ్ స్టెయిన్ అడగండి. ఏడాదికో రెండేళ్లకో ఒక ఆదివారం దానికి కేటాయించాలి.

మన తీరానికి సొంతమైన పూత ఇంకొకటుంది, జీడి నూనె. జీడిపప్పు తీశాక పిక్క పెంకులోంచి వచ్చే నల్లటి చిక్కటి ద్రవం. పలాస వైపు జీడి కార్ఖానాల పుణ్యాన దొరికే ఈ నూనెను చెక్క పడవలకు పూయడం మత్స్యకారులకు పాత అలవాటు. నీటిని ఆపుతుంది, పురుగును దూరంగా పెడుతుంది. ఫైబర్ పడవలు వచ్చాక పడవలతో పాటే ఆ అలవాటూ తగ్గింది. తలుపుకి ఇది పనికిరాదు, నల్లగా జిగటగా ఉంటుంది, ఒంటికి తగిలితే పొక్కులు లేస్తాయి. పందిరి గుంజల అడుగులకు, కనిపించని దూలాలకు చేతి తొడుగులు వేసుకుని పూస్తే మంచిదే. దాని బదులు మెకానిక్ షెడ్డు నుంచి పాత ఇంజన్ ఆయిల్ తెచ్చి పూసేవాళ్లున్నారు. అది చెక్కలో నిలవదు, మట్టిలోకి దిగుతుంది, ఆ చెక్క మీద ఆ తర్వాత ఇంకే రంగూ పట్టదు. ఆ పని మానుకోండి.

గుమ్మం ఎత్తిన రోజు నుంచి

పాలిష్ ఊడటానికి అసలు కారణం చాలాసార్లు పాలిష్ వెయ్యకముందే పుడుతుంది. మన పద్ధతిలో ద్వారబంధం ముహూర్తం చూసి ముందే నిలబెడతాం. పసుపు కుంకుమలు పెట్టి, నవధాన్యాల మూట కట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ పైన గోడ లేపుతాం. పాలిష్ మేస్త్రీ వచ్చేసరికి ఎనిమిది నెలలో ఏడాదో అవుతుంది. ఈలోగా గోడలకు రోజూ కొట్టే క్యూరింగ్ నీళ్లు ఆ కొయ్య మీదుగానే కారతాయి. సిమెంటులోని క్షారం టేకు మీద నల్లటి మరకలు చేస్తుంది. ఎండ పైపొరను వదులు చేస్తుంది. పూత వెయ్యని చెక్క కొన్ని వారాలు ఎండలో ఉన్నా చాలు, తర్వాత వేసే రంగు పట్టు తగ్గిపోతుందని అమెరికాలో మాడిసన్ నగరంలోని ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లాబొరేటరీ పరీక్షల్లో తేలింది. మనమేమో నెలల తరబడి వదిలేస్తాం.

దీనికి పెద్ద ఖర్చేం లేదు. నిలబెట్టడానికి ముందే గోడవైపు ఉండే ముఖాలకు, అడుగు భాగాలకు ప్రైమర్ వేయించాలి. కనిపించే వైపు ఒక కోటు సీలర్ కొట్టి, పాలిథిన్ షీటు చుట్టాలి. పాలిష్ రోజు 80 నంబరు ఎమ్రీ కాగితంతో మొదలుపెట్టి 120, 180 దాకా రుద్ది, వదులైన పైపొరంతా పోయేలా చెయ్యాలి. అద్దంలా నునుపు చేసి 400 దాకా వెళ్లడం బయటి చెక్కకు మంచిది కాదు, పూతకు పట్టు కావాలి కదా. టేకులో సహజంగా నూనె ఉంటుంది గనక పూతకు కాస్త ముందు థిన్నర్‌లో తడిపిన గుడ్డతో తుడవాలి. ఈ ఒక్క తుడుపు ఎగ్గొట్టినందుకు పొంగిపోయిన తలుపులు ఎన్నో ఉన్నాయి.

నీళ్లు దూరే చోటు

తలుపు రెక్కను బందులు విప్పి పడుకోబెట్టి చూడండి. ముందూ వెనకా మూడేసి కోట్లు. అడుగు అంచున మాత్రం ఒక్క కోటైనా ఉండదు. నిలువు పట్టెల కోసిన కొసలు అక్కడే ఉంటాయి. చెట్టు బతికున్నప్పుడు నీళ్లు పైకి లాగిన గొట్టాలన్నీ ఆ కొసలో నోళ్లు తెరుచుకుని ఉంటాయి, పక్కల కన్నా ఎన్నో రెట్లు వేగంగా నీళ్లు తాగుతాయి. వాకిలి కడిగిన ప్రతిసారీ తలుపు కింది నుంచి తడుస్తోందన్నమాట. పాలిష్ కింది సగంలో ముందుగా ఊడటానికి ఎండ తర్వాత కారణం ఇదే. బిగించే ముందు అడుగు అంచుకి, తాళం కోసం తొలిచిన గూటికి, బందుల గాడికి రెండు కోట్లు పట్టిస్తే ఆ దారి మూసుకుంటుంది.

గడపది మరో కథ. శుక్రవారం కడగటం, పసుపు రాయడం, బొట్లు పెట్టడం. పసుపులోని కర్క్యుమిన్ ఎండకు నిలవదు, అందుకే వారం తిరిగేసరికి వెలిసిపోతుంది. ఆ శ్రమ తప్పించుకోవడానికి ఇప్పుడు పసుపుపచ్చ ఎనామిల్ వేయిస్తున్నారు. తప్పు లేదు. కానీ పైన దట్టంగా నాలుగు పొరలు పడిన గడపలోకి నీళ్లు రెండు కొసల నుంచి చేరతాయి, పై నుంచి ఆరే వీల్లేదు. పుచ్చు పట్టించే శిలీంధ్రాలకు చెక్కలో 20 శాతానికి పైన తేమ చాలాకాలం నిలవాలి. పెయింటు కింద ఆ ఏర్పాటు మనమే చేసిపెడుతున్నాం. కొసలకు ముందే ప్రైమర్ పట్టించి, పైన పల్చటి కోట్లతో సరిపెట్టుకుంటే గడప గుల్లవదు.

ఇంకొక చిన్న విషయం. పలకల తలుపుల్లో వేసవి రాగానే పలక అంచు వెంబడి పాలిష్ లేని సన్నటి తెల్ల గీత బయటపడుతుంది. గాడిలో దాగి ఉన్న అంచు, పలక కుంచించుకోగానే బయటికి వచ్చిందంతే. చట్రంలో బిగించకముందే పలకలకు ఒక కోటు వేస్తే ఆ గీత కనపడదు. మేకుల సంగతి కూడా చూసుకోవాలి. మామూలు ఇనుప మేకు టేకు, తుమ్మ వంటి టానిన్ ఉన్న చెక్కలో తడిసిందంటే చుట్టూ నల్లటి మరక పాకుతుంది. బయటి చెక్కకి స్టెయిన్‌లెస్ స్టీలో ఇత్తడో వాడాలి.

పూత వేరు, మందు వేరు

ఎంత మంచి పూతైనా చెదలను ఆపదు. చేవ దేరని తెల్లచెక్క ఉన్న కర్రకు ముందుగా మందు ఎక్కించాలి. ఈ విషయంలో ప్రపంచానికి దారి చూపినవాడు ఒక తెలుగువాడని మనలో ఎందరికి తెలుసు? డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన సొంటి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాల మిశ్రమాన్ని రూపొందించారు. ఆస్కూ అన్న పేరుతో అది అమ్ముడైంది, శాస్త్రజ్ఞులు సీసీఏ అంటారు. పీడనంతో చెక్కలోకి ఎక్కిస్తే నీళ్లకి కొట్టుకుపోకుండా లోపలే స్థిరపడేది. టెలిఫోన్ స్తంభాల నుంచి అమెరికాలో ఇళ్ల వెనక డెక్‌ల దాకా దశాబ్దాల పాటు అదే రాజ్యమేలింది. ఆర్సెనిక్ భయంతో 2003 చివర అక్కడ ఇళ్ల వాడకం నుంచి తప్పించారు, రాగి ఆధారిత మందులు ఆ చోటికి వచ్చాయి. సీసీఏ ఎక్కించిన చెక్క మీద స్టెయిన్ మామూలు చెక్క మీద కన్నా ఎక్కువ కాలం నిలిచేది, ఎండ నుంచి లిగ్నిన్‌ను క్రోమియం కొంత కాపాడేది మరి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో 2004కి ముందు కట్టిన ఇల్లు కొన్న తెలుగువాళ్లు పాత డెక్‌ను ఎమ్రీ కాగితంతో రుద్దకండి. ఆ పొడిలో ఆర్సెనిక్ ఉండే అవకాశం ఉంది. కడిగి, పైన స్టెయిన్ వేసుకోవడమే క్షేమం.

అసలు ఏదీ వెయ్యకపోతే? చేవ ఉన్న టేకు విషయంలో అదీ ఒక మార్గమే. మయన్మార్‌లోని అమరపురలో 1850 ప్రాంతంలో పాత రాజప్రాసాదం టేకుతో కట్టిన ఊ బెయిన్ వంతెన సుమారు 1.2 కిలోమీటర్ల పొడవున చెరువులో నిలబడి ఉంది. కొన్ని స్తంభాలు మార్చారు గానీ రంగూ పాలిషూ లేకుండానే ఇప్పటికీ జనం దాని మీద నడుస్తున్నారు. రంగూన్ నుంచి ఓడల్లో మన తీరానికి దిగిన బర్మా టేకు ఆ జాతిదే. తోట కుర్చీ బూడిదరంగుకి తిరగడం మీకు ఇష్టమైతే వదిలెయ్యండి, ఏం నష్టం లేదు. కాకపోతే ఇప్పుడు డిపోల్లో దొరికే ఆఫ్రికా టేకులో లేత తోటల కర్రే ఎక్కువ, తెల్లచెక్క పాలు ఎక్కువ. దాన్ని చూసి బర్మా టేకు ధైర్యం చెయ్యకూడదు.

పని ఎప్పుడు పెట్టుకోవాలంటే, కోస్తాలో ఈశాన్య రుతుపవనాల తేమ డిసెంబరు దాకా వదలదు కాబట్టి సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి మార్చిలోగా ముగించడం మేలు. మే నెల ఎండలో వేడెక్కిన చెక్క మీద కొడితే థిన్నర్ ముందే ఆవిరై పూతలో బుడగలు నిలుస్తాయి. ఇప్పుడున్న పూత ఇంకా పనిచేస్తోందో లేదో చూడ్డానికి తలుపు కింది భాగం మీద నాలుగు నీటి చుక్కలు చిలకరించండి. ముత్యాల్లా జారితే ఇంకో ఏడాది ఆగవచ్చు. నిమిషాల్లో ఇంకి నల్లటి మరక పడితే ఆలస్యం చెయ్యకండి. పెచ్చులు మొదలవక ముందే పైపైన 220 కాగితంతో రుద్ది ఒక కోటు వేయిస్తే సగం రోజు పని. మొదలయ్యాక అయితే మొత్తం గీకుడే.

నూనె పూత మీరే వేసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి. పని అయిన వెంటనే వాటిని బకెట్ నీళ్లలో ముంచండి, లేదా విడివిడిగా తీగ మీద ఆరేసి ఆ తర్వాతే పారేయండి.